మనీలా సినారియోలో వీధిలోకి పరుగెత్తకండి

బోర్డు మీద ఆడే యుద్ధపు ఆట వార్‌గేమ్‌లో, ఫిలిప్పీన్స్‌లోని మనీలా కోసం 1945లో జపాన్ సేనతో జరిగిన పోరును అమెరికన్ల వైపు నుంచి ఆడుతుంటే, ఖాళీగా కనిపించే వీధిలోకి పదాతి కౌంటర్లను (దళాలకు గుర్తుగా ఉండే బిళ్లలను) తోసేయకండి. కూడలిలో దాక్కున్న ఒక్క మెషిన్‌గన్ చాలు, టర్న్ మొత్తం పోతుంది. ముందు హోవిట్జర్ ఫిరంగులను దగ్గరికి తెచ్చి గోడ పగలగొట్టండి, ఆ కంతలోంచి లోపలికి వెళ్లండి. ఫిబ్రవరి 23న ఇంట్రామురోస్ కోట దగ్గర జరిగింది అదే. గంటసేపు ఫిరంగులు మోగాక కొందరు తూర్పు గోడ వైపు నుంచి చొరబడ్డారు, కొందరు పడవల్లో పాసిగ్ నది దాటి ఉత్తరం నుంచి దిగారు. మీరూ రెండు వైపులా ఒకే టర్న్‌లో కొట్టండి. పొగ కౌంటర్లుంటే నది దాటేవాళ్ల కోసం దాచుకోండి. ఇంకొకటి, ఆటలో పౌరుల నిబంధన ఉంటే దయచేసి వదిలేయకండి. ఆ నెల రోజుల్లో సుమారు లక్ష మంది మామూలు జనం చనిపోయారక్కడ. ఫిరంగి పేల్చే ముందు ఆ గడిలో ఎవరున్నారో చూసుకోండి.