నాలుగక్షరాల జపనీస్, 6వ పాఠం: ఇష్షోకెన్‌మే

పోయిన పాఠంలో ‘ఇచిగొ ఇచియె’ చెప్పి, దానితో ఒక వాక్యం రాసి పంపమన్నాను. చాలామంది చివర ‘షిమషిత’ తగిలించారు, ‘చేశాను’ అని. అది చేసే పని కాదు. ఈ కలయిక మళ్లీ రాదు, అందుకే దీన్ని మనసు పెట్టి గడపాలి అనే భావం. ‘ఇచిగొ ఇచియె నొ దెఅయి’ అనండి, మళ్లీ రాని పరిచయం అని. ఇలాంటి మాట నేర్చుకునేటప్పుడు దాని వెనక ఏం వస్తుందో కూడా కలిపి బట్టీ పట్టండి. అర్థం మాత్రమే రాసుకున్న నోట్సు నా లెక్కలో సగం నోట్సే.

ఈసారి మాట మనం ‘ప్రాణం పెట్టి’ అనేదానికి బాగా దగ్గర. అక్షరాల వరుస: ఒకటి, జీవితం, పణంగా పెట్టడం, ప్రాణం. రెండో అక్షరం మొదట ‘జీవితం’ కాదు, ‘చోటు’. కమకుర కాలపు (1185–1333) యోధుడికి తన భూమే ఆధారం. ఆ ఒక్క చోటును ప్రాణాలొడ్డి కాపాడుకోవడం ‘ఇష్షొకెన్‌మే’. ఎదొ కాలానికి (1603–1868) ‘షొ’ సాగి ‘షో’ అయింది, అక్షరమూ మారింది. పాతది తప్పు కాదు, కానీ మీరు కొత్తదే వాడండి.

క్రియ ముందు ఊరికే పెట్టొచ్చు, ‘ని’ చేర్చొచ్చు: మైనిచి ఇష్షోకెన్‌మే బెంక్యో షితె ఇమసు (రోజూ ప్రాణం పెట్టి చదువుతున్నాను). నామవాచకం ముందు ‘న’: ఇష్షోకెన్‌మేన హితొ (ప్రాణం పెట్టి పనిచేసే మనిషి). మీ గురించి, పిల్లల గురించి హాయిగా అనండి. పై అధికారిని మాత్రం ఇలా మెచ్చుకోకండి, మామగారితో ‘శభాష్’ అన్నట్టుంటుంది.

ఇక అసలు గొడవ. ‘ఇష్షొని’ అంటే ‘కలిసి’. ‘ఇష్షో’ అంటే ‘జీవితాంతం’. ఈ తేడా ఇంగ్లిష్ అక్షరాల్లో నోట్సు రాసుకుంటే కనపడకుండా పోతుంది. ఒ, ఓ విడివిడిగా ఉన్న లిపి చేతిలో ఉండగా ఆ అవస్థ ఎందుకు? తెలుగులో రాసుకోండి. మన పేపర్లలో ‘టోక్యో’ సరిగ్గానే పడుతుంది, రెండూ దీర్ఘాలే. ‘క్యోటో’లో చివరిది హ్రస్వం కావాలి. ‘కోబే’లోనూ అంతే, అది కోబె. ‘ఒసాకా’ అయితే పూర్తిగా తిరగబడింది, అసలు ఉచ్చారణ ఓసక.

పదో తరగతి ఛందస్సు గుర్తు తెచ్చుకోండి. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. ఇష్-షో-కెన్-మే: నాలుగు గురువులు, 8 మాత్రలు. పాత రూపానికి 7. ‘ఇష్షొని’కి 4. జపనీయులు పలికేటప్పుడు పాటించే కొలత కూడా ఇదే, హైకూ అక్షరాలు లెక్కపెట్టేదీ ఇలాగే. ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేటప్పుడు ‘sho’లోని o తర్వాత u కూడా నొక్కండి, లేకపోతే పాత రూపం వస్తుంది.

అభ్యాసం: మీ ఉద్యోగం, ఇంటి పని మీద 10 వాక్యాలు. అయిదింట్లో క్రియ ముందు, మూడింట్లో ‘న’తో, మిగతా రెండింట్లో ‘ఇష్షొని’. ప్రతిదానికీ మాత్రలు లెక్కగట్టి పక్కన వేయండి. తర్వాత పైకి చదివి రికార్డు చేసి, మర్నాడు విని, ‘షొ’, ‘షో’ కలిసిపోయిన వాక్యాలు మళ్లీ చదవండి.