ఏలియన్ల మీద బావతో వాదనకు కూర్చునే ముందు

పోయిన నెల ఒక రాత్రి మా తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే మా బావ ఉన్నట్టుండి "అమెరికా గవర్నమెంటే ఒప్పుకునింది కదప్పా, ఏలియన్లు ఉండారని" అన్నాడు. నేను "ఊరికే పుకార్లు బావా" అన్నాను. అంతే, గంటన్నర. నేనే ఓడిపోయాను. ఆయన మాట నిజమని కాదు, నేను వాదించిన తీరే తప్పు. మీ ఇంట్లోనూ ఇలాంటి బావ ఒకరు ఉండే ఉంటారు కాబట్టి, రెండోసారి కూర్చునే ముందు నేను నేర్చుకున్నది చెబుతాను.

మొట్టమొదట "ఒప్పుకునింది" అన్న మాట దగ్గరే ఆపండి. ఎవరు, ఎప్పుడు, ఏమని? 2020 ఏప్రిల్‌లో పెంటగాన్, అంటే అమెరికా రక్షణ శాఖ, మూడు వీడియోలు విడుదల చేసింది. అవి తమ నేవీ వాళ్ళు తీసినవేనని, అందులో కనబడేది ఏమిటో తేలలేదని చెప్పింది, అంతే. 2021 జూన్‌లో వాళ్ళ నిఘా విభాగం ఇచ్చిన రిపోర్టులో 144 ఘటనలుంటే, గట్టిగా తేలింది ఒక్కటే, అది గాలి దిగిపోతున్న పెద్ద బెలూన్. మిగతా వాటికి సమాచారం చాలలేదన్నారు. మన పేపర్లో "గుర్తు తెలియని వాహనం ఢీకొని వ్యక్తి మృతి" అని వస్తే ఢీకొన్నది పుష్పక విమానం అని ఎవరూ అనుకోరు కదా.

తర్వాత, చూసినవాడినీ విన్నవాడినీ వేరు చేయండి. 2023 జూలై 26న అమెరికా పార్లమెంటు కమిటీ ముందు ముగ్గురు సాక్ష్యం చెప్పారు. అందరూ పట్టుకు వేలాడేది మాజీ నిఘా అధికారి డేవిడ్ గ్రష్ మాటలను. కూలిన వాహనాలు దొరికాయని, మనుషులవి కాని శరీర పదార్థాలు కూడా ఉన్నాయని ఆయన ప్రమాణం చేసి మరీ చెప్పాడు. కానీ అవన్నీ తనకు వేరేవాళ్ళు చెప్పిన సంగతులు. కాణిపాకం గుళ్ళో ప్రమాణం చేసినా విన్నది చూసినది అయిపోదు, ఆ మనిషి దాన్ని మనసారా నమ్ముతున్నాడని మాత్రమే తెలుస్తుంది. అదే రోజు మాట్లాడిన మాజీ నేవీ పైలట్ డేవిడ్ ఫ్రేవర్ సంగతి వేరు. 2004 నవంబరులో కాలిఫోర్నియా తీరం అవతల, రెక్కల్లేని తెల్లటి కోల వస్తువును ఆయన విమానం నడుపుతూ కళ్ళారా చూశాడు. రెండు విమానాల్లో కలిపి నలుగురు ఉన్నారు, ఓడ రాడార్లో కూడా ఏవో కనబడ్డాయి. బావ ఈ కేసు తెస్తే తీసిపారేయకండి. గట్టిదాన్ని గట్టిది అని ఒప్పుకుంటేనే మీ మిగతా మాట వింటారు.

పెంటగాన్ వదిలిన ఆ మూడింటిలో ఒక వీడియో ఉందే, సముద్రం మీద ఏదో దూసుకుపోతున్నట్టు కనబడేది, దాన్ని మాత్రం వదలకండి. పాకాల వైపు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే కరెంటు స్తంభాలు వెనక్కి పరుగెత్తుతాయి, వాటికి కాళ్ళొచ్చాయా? ఆ వీడియోలో కెమెరా కోణం, విమానం ఎత్తు, దూరం అన్నీ తెరమీదే అంకెల్లో కనబడతాయి. నాసా వేసిన నిపుణుల బృందం 2023లో ఆ అంకెలతోనే లెక్క కట్టి, వస్తువు దాదాపు 13,000 అడుగుల ఎత్తులో, గంటకు సుమారు 40 మైళ్ళ వేగంతో పోతోందని తేల్చింది. అంటే ఆ ఎత్తులో గాలికి కొట్టుకుపోయేదేదైనా కావచ్చు. పరుగంతా కెమెరా ఉన్న విమానానిది.

ఇప్పుడు నేను బొక్కబోర్లా పడిన చోటు. 2024 మార్చిలో పెంటగాన్ ఆఫీసు ఒకటి పాత ఫైళ్ళన్నీ తిరగేసి, గ్రహాంతర సాంకేతికతకు ఆధారం దొరకలేదని రిపోర్టు ఇచ్చింది. నేను దాన్ని ఫోన్లో తీసి గొప్పగా చూపించాను. బావ నవ్వి, "దొంగ ఇంటికే పోయి దొంగతనం జరిగిందా అని అడిగితే ఏం చెప్తాడు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. పైగా ఆయన చేతిలో అమెరికాలోని రోజ్‌వెల్ అనే ఊరి కథ ఉంది. 1947లో అక్కడి సైన్యం మొదట ఎగిరే పళ్ళెం దొరికిందని ప్రకటించి, ఒక్క రోజు తిరగకుండానే వాతావరణ బెలూన్ అని మాట మార్చింది. అది సోవియట్ అణుపరీక్షల చప్పుడు వినడానికి వదిలిన రహస్య బెలూన్ల సామాను అని వైమానిక దళం 1994లో చెప్పింది. అంటే అబద్ధం ఆడారు, నిజమే. దాచింది మాత్రం తమ గూఢచర్యాన్ని.

కాబట్టి "ప్రభుత్వం అబద్ధాలాడుతుంది" అనే సూత్రం వాడితే రెండు వైపులా వాడాలి. లేదన్నప్పుడు నమ్మకుండా, తేలలేదన్నప్పుడు మాత్రం నమ్మితే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టే. అది నాకూ వర్తిస్తుంది, ఆ రిపోర్టును వేదంలా చదివాను మరి. ఎవరినీ నమ్మాల్సిన పని లేకుండా మనమే సరిచూసుకోగలిగే ఆధారం ఏదైనా ఉందా అని వెతకండి. తెరమీది అంకెలు అలాంటివి, ఇంటర్ త్రికోణమితి వస్తే మీరే కట్టుకోవచ్చు. 1984లో అంటార్కిటికాలో దొరికిన అంగారక ఉల్క కూడా అలాంటిదే. అందులో జీవం ఆనవాళ్ళున్నట్టుందని 1996లో నాసా చెప్పింది, సాక్షాత్తూ ప్రెసిడెంటు క్లింటనే మాట్లాడాడు. కానీ రాయి ఉంది కాబట్టి వేరే వాళ్ళూ పరీక్షించారు, జీవం లేకుండానే ఆ గుర్తులు ఏర్పడొచ్చని చూపించారు.

మన ఊరి ఆకాశం గురించి కూడా ఒక మాట. గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఉంది, అక్కడ బెలూన్లు ఎగరేస్తారు. శ్రీహరికోట రాకెట్ తెల్లవారుజామునో మునిమాపునో లేస్తే, కింద మనకు చీకటిగా ఉన్నా పైన పొగకు ఎండ తగిలి వింతగా వెలుగుతుంది. వీడియో తీస్తే టైమూ దిక్కూ కూడా రాసిపెట్టుకోండి, తర్వాత ప్రయోగాల తేదీలతో పోల్చి చూడొచ్చు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో ఒక పెద్ద గుండ్రటి డబ్బా దిగితే జనం జాతరలా పోయారు, తీరా అది హైదరాబాద్ నుంచి బెలూన్‌కు కట్టి పంపిన ప్రయోగపు క్యాప్సూల్.

ఆఖర్న అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, గొంతు పెంచకుండా అడగండి: "నీకు ఏం చూపిస్తే నీ మాట మార్చుకుంటావు?" నేనైతే, ఒక లోహపు ముక్కను మూడు నాలుగు దేశాల ల్యాబుల్లో విడివిడిగా పరీక్షించి, ఇది మన సౌరకుటుంబంలో పుట్టింది కాదని అందరూ ఒకే మాట చెబితే ఒప్పుకుంటానన్నాను. బావ గ్లాసు పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాడు. "ఆ ఫ్రేవర్ చూసినాడే, దానికి కూడా నీ లెక్క కట్టి చూపించు, అప్పుడు చూద్దాం" అన్నాడు. దానికి లెక్క నా దగ్గర లేదు. ఆ రాత్రి టీ డబ్బులు నేనే ఇచ్చాను.