శరద్విషువాన్ని నీడలో చూసి ఆచరించే విధానం

ఒడిశాలోని బరంపురంలో మా వంటి తెలుగు ఇళ్లలో గోడకు రెండు పంచాంగాలు వేలాడుతూ ఉంటాయి: ఒకటి తెలుగుది, రెండవది ఒడియా పాంజి. మనది నెల అమావాస్యతో ముగిసే అమాంత గణన కనుక మహాలయ అమావాస్యను మనం భాద్రపద బహుళ అమావాస్య అంటాము. నెల పౌర్ణమితో ముగిసే పూర్ణిమాంతం పాటించే ఒడియా పొరుగువారికి అదే అమావాస్య ఆశ్వినంలో పడుతుంది. పేరు వేరైనా తిథి ఒకటే కనుక అక్కడ తగవు లేదు. విషువం మాట వచ్చినప్పుడు మాత్రం రెండు పంచాంగాలూ ఒక తేదీ చెబుతాయి, ఆకాశం వేరొక తేదీ చెబుతుంది. పంచాంగాల ప్రకారం తులా సంక్రమణం, అంటే సూర్యుడు తులారాశిలో ప్రవేశించడం, అక్టోబరు 17 ప్రాంతంలో వస్తుంది. సూర్యుడు ఖగోళ మధ్యరేఖను, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే రేఖను, దక్షిణానికి దాటేది సెప్టెంబరు 22న లేదా 23న. ఈ రెండు రోజులలో దేనిని పుణ్యకాలంగా పాటించాలి, ఎలా పాటించాలి అనేదే ఇక్కడి విషయం.

విషువమంటే ఏమిటో అమరకోశం ఒక్క పాదంలో తేల్చింది: రాత్రి, పగలు సమానంగా ఉండే కాలమే విషువం. ఆ లెక్కన సెప్టెంబరు తేదీయే అసలైనది. అయితే నిరయన గణనలో రాశులను నక్షత్రాలతో ముడివేసి లెక్కిస్తారు. సూర్యుడు మధ్యరేఖను దాటే చోటు, అంటే విషువ బిందువు, ఆ నక్షత్రాల మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక భాగ (డిగ్రీ) చొప్పున వెనక్కి జరుగుతూ ఉంటుంది. చిత్తా నక్షత్రాన్ని ఆధారంగా తీసుకునే చిత్రపక్ష గణన ప్రకారం క్రీ.శ. 285 ప్రాంతంలో రాశి మొదలు, విషువ బిందువు రెండూ కలిసి ఉండేవి; ఇప్పుడు 24 భాగలకు పైగా విడిపోయాయి, దాదాపు 24 రోజుల తేడా అందువల్లనే వచ్చింది. 1957లో అమలులోకి వచ్చిన రాష్ట్రీయ పంచాంగం మాత్రం ఆకాశాన్నే అనుసరించి సెప్టెంబరు 23న ఆశ్వినాన్ని మొదలుపెడుతుంది. నా అభిప్రాయం ఇది: సెప్టెంబరు విషువం చూడవలసిన రోజు, అక్టోబరు సంక్రమణం ఇంటి ఆచారం ప్రకారం చేయవలసిన రోజు. ఒకదానికోసం రెండవదానిని తప్పుపట్టనక్కరలేదు.

చూడడానికి కావలసింది ఒక శంకువు, అంటే నిటారుగా నిలిపిన కర్ర. నున్నని వెదురు కర్ర గాని ఇనుప చువ్వ గాని తీసుకొని, నేలపైన సరిగ్గా 60 సెంటీమీటర్లు ఉండేటట్లు ఇసుక నింపిన కుండీలో నిలపండి. దారానికి బరువు కట్టి వేలాడదీసి, కర్ర అన్ని వైపులా నిటారుగా ఉందో లేదో సరిచూడండి. పొద్దంతా ఎండ తగిలే డాబా ఉంటే మంచిదే కాని, మన డాబాలను వాన నీరు పోవడానికి వాలుగా కడతారు. అందువల్ల రసమట్టం పెట్టి చూసి, వాలు ఉంటే ఒక పెద్ద పలకను సమంగా అమర్చుకొని దానిమీద గుర్తులు పెట్టుకోవాలి. ఈ జాగ్రత్త తీసుకోని ఏడాది నా గీత వంకరగా వచ్చి, తప్పు సూర్యుడిదేమో అన్నంత అనుమానం కలిగింది.

ఉదయం ఎనిమిదిన్నర మొదలుకొని మధ్యాహ్నం మూడు గంటల దాకా అరగంటకొకసారి నీడ కొసను సుద్దముక్కతో గుర్తుపెట్టండి. మిగిలిన రోజులలో ఈ గుర్తులను కలిపితే వంపు తిరిగిన రేఖ వస్తుంది. విషువానికి ముందు ఒక వైపు, తరువాత మరొక వైపు వంగుతుంది. విషువం నాడు మాత్రం సూర్యుడి బాట అంతా శంకువు కొనగుండా పోయే ఒకే తలంలో ఉండడం వల్ల, నీడ కొస పడమటి నుంచి తూర్పుకు తిన్నని గీత మీద నడుస్తుంది. ఆ గీతే అచ్చమైన తూర్పు పడమరల గీత. దిక్సూచి అక్కరలేదు. శంకువు చుట్టూ వృత్తం గీసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీడ ఆ వృత్తాన్ని తాకే చోట్లను కలిపి దిక్కులు నిర్ణయించే పద్ధతిని యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాలు ఏనాడో చెప్పాయి. విషువం నాడు ఆ వృత్తం పని కూడా తప్పుతుంది.

నీడ అన్నిటికంటె పొట్టిగా ఉండే క్షణాన్ని ప్రత్యేకంగా కొలవాలి. గడియారంలో పన్నెండు కొట్టేదాకా ఆగితే ఆ క్షణం దాటిపోతుంది. శరద్విషువం నాడు బరంపురంలో సూర్యుడు మధ్యాహ్న రేఖకు వచ్చేది సుమారు 11:43కు; పర్లాకిమిడిలో 11:46కు, రాయగడలో 11:49కు, జయపురంలో 11:52కు. ఆ సమయాన 60 సెంటీమీటర్ల శంకువు నీడ బరంపురంలో ఇంచుమించు 21 సెంటీమీటర్లు, పర్లాకిమిడిలో 20.4 సెంటీమీటర్లు ఉంటుంది. పాతకాలపు జ్యోతిష్కులు పన్నెండు అంగుళాల శంకువుతో ఇదే కొలత తీసి దానిని పలభ అనేవారు. ఊరి అక్షాంశమంతా అందులోనే దాగి ఉంటుంది. బరంపురం పలభ 4.2 అంగుళాలు. ఒడిశాలో ఈ పని చేయడానికి మరొక గౌరవం కూడా ఉంది: ఖండపడా సంస్థానంలో 1835లో పుట్టిన పఠాణి సామంత చంద్రశేఖరులు దూరదర్శిని లేకుండా, వెదురుతోను చెక్కతోను తానే చేసుకున్న పరికరాలతో గ్రహగతులను కొలిచి సిద్ధాంత దర్పణం రచించారు. జగన్నాథుని ఆలయ కృత్యాల కాలనిర్ణయానికి ఆయన గణన ఆధారమైంది.

సెప్టెంబరు నెలలో గంజాం జిల్లాలో మబ్బు పట్టని రోజు దొరకడం అదృష్టమే. అందువల్ల 20వ తేదీ నుంచే మధ్యాహ్నపు నీడను కొలుస్తూ ఉండండి. నీడ రోజుకు అర సెంటీమీటరుకు కాస్త తక్కువగా పెరుగుతూ పోతుంది కనుక, విషువం నాడు వాన కురిసినా ముందు వెనుకల కొలతలను బట్టి ఆనాటి నీడను లెక్కగట్టవచ్చు.

సూర్యోదయాన్ని చూడాలనుకునేవారు బరంపురం నుంచి గోపాలపురం తీరానికి వెళతారు. అక్కడ ఒక పొరపాటు జరుగుతుంది: తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కనుక, సముద్రానికి ఎదురుగా నిలబడినవారు నిజానికి ఆగ్నేయాన్ని చూస్తున్నారు. విషువం నాటి సూర్యుడు వారి ఎడమ చేతి వైపు, సుమారు 5:40కి, సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. పర్లాకిమిడి, రాయగడ వైపు కొండలు అడ్డం ఉన్నవారికి సూర్యుడు కనబడేసరికే కొంచెం దక్షిణానికి జరిగి ఉంటాడు. వారు ఉదయాన్ని నమ్ముకోక మధ్యాహ్నపు నీడనే నమ్ముకోవాలి.

ఇక ఆచరణ. తెల్లవారుజామున స్నానం చేసి, సంకల్పం చెప్పుకొని, సూర్యుడికి మూడు అర్ఘ్యాలు విడవాలి. మన సంకల్పంలో ఇక్కడి తెలుగువారు శ్రీశైలానికి ఈశాన్య ప్రదేశమనీ, గంగా గోదావరుల మధ్య దేశమనీ చెప్పుకుంటారు; రాష్ట్రం మారినా శ్రీశైలం నుంచే మన చోటును లెక్కించుకోవడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. నెల, ఋతువు మాత్రం చాంద్రమానం ప్రకారం ఉన్నవే చెప్పాలి. 2025లో మహాలయ అమావాస్య సెప్టెంబరు 21న, విషువం మరునాడు వచ్చాయి. 2026లో అధిక మాసం వల్ల మహాలయ అమావాస్య అక్టోబరు 10కి జరిగింది. కనుక ఆ ఏడాది శరద్విషువం నాడు సంకల్పంలో భాద్రపదమనీ వర్ష ఋతువనీ చెప్పవలసి వస్తుంది. పేరులో శరత్తు ఉందని ఋతువును మార్చకూడదు.

శ్రాద్ధానికి తగిన కాలాలను లెక్కపెడుతూ యాజ్ఞవల్క్య స్మృతి అమావాస్యతోను, రెండు అయనాలతోను పాటు విషువాన్ని కూడా చెప్పింది. తండ్రి గతించినవారు, ఇంటి పురోహితుడు ఒప్పుకుంటే, ఆనాడు నువ్వులు నీళ్లతో తర్పణం విడవవచ్చు. తండ్రి ఉన్నవారు పితృతర్పణం జోలికి పోకుండా అర్ఘ్యంతోను, దానంతోను సరిపెట్టుకోవాలి. దానంగా బియ్యం, పప్పు, కూరగాయలు కలిపిన స్వయంపాకం ఇస్తే చాలును.

జపానికి, ధ్యానానికి సంధ్యాకాలాన్ని ఎంచుకోండి. జాబాల దర్శనోపనిషత్తు విషువాన్ని శరీరం లోపలికి తీసుకువచ్చి, ప్రాణం మూలాధారాన్ని చేరడం మొదటి విషువమనీ, శిరస్సును చేరడం చివరి విషువమనీ చెప్పింది. గురువు లేనివారు అంత దూరం పోనక్కరలేదు; వెన్ను నిటారుగా, శంకువులాగే నిలిపి, ఉచ్ఛ్వాసం ఎన్ని లెక్కలైతే నిశ్వాసం అన్నే లెక్కలుగా పావుగంట కూర్చుంటే సరిపోతుంది.

గడియారం పట్టి చూసేవారికి ఒక సందేహం వస్తుంది. ఆనాడు పగలు పన్నెండు గంటలకంటె సుమారు ఏడు నిమిషాలు ఎక్కువగా ఉంటుంది. సూర్యబింబపు పై అంచు కనబడగానే ఉదయమని లెక్కించడం, గాలిపొర వెలుగును వంచి బింబాన్ని పైకి చూపడం ఇందుకు కారణాలు. రాత్రి పగళ్లు గడియారంలో సరిగ్గా సమమయ్యేది మరొక వారానికి.

ఆ వారం దాటాక అరసవల్లి వెళ్లేవారు మన వైపు చాలామంది ఉంటారు. అక్కడి సూర్యనారాయణస్వామి పాదాలను ఏడాదిలో రెండుసార్లు, మార్చి రెండవ వారం మొదట్లోను, అక్టోబరు మొదటి రోజులలోను, ఉదయకిరణాలు తాకుతాయి. ఈ తేదీలు విచిత్రంగా కనిపించినా, వసంత విషువానికి పది రోజుల ముందు, శరద్విషువానికి పది రోజుల తరువాత సూర్యుడు ఇంచుమించు ఒకే క్రాంతిలో, అంటే మధ్యరేఖకు నాలుగు భాగల దక్షిణాన ఉంటాడు. మీ డాబా మీది నీడ కూడా ఆ రెండు రోజులలోను ఒకే పొడవు చూపుతుంది.

అక్టోబరు 17 ప్రాంతపు తులా సంక్రమణాన్ని ఒడియా రైతులు గర్భణ సంక్రాంతి అంటారు. చేలో వరి పొట్టతో ఉండే రోజులవి. పైరును నిండు చూలాలిగా భావించి పూజ చేస్తారు. పొలం ఉన్న తెలుగువారు పొరుగువారితో కలిసి ఆ పూజ చేసుకుంటే, పంచాంగం చెప్పిన సంక్రమణాన్ని కూడా గౌరవించినట్లవుతుంది. ఆ పుణ్యకాలపు ఘడియలను పంచాంగంలో చూసుకోవాలి.

సుద్దగీతను మాత్రం వానకు వదలకండి. రెండు కొసలా చిన్న మేకులు కొట్టి, శంకువు ఉన్న చోట రంగు చుక్క పెట్టి ఉంచండి. మార్చి 20 లేదా 21న అదే శంకువును అదే చుక్క మీద నిలిపితే నీడ కొస మళ్లీ ఆ మేకుల మధ్యనే నడుస్తుంది. బరంపురంలో మధ్యాహ్నపు కొలత తీయవలసింది మాత్రం ఆనాడు 11:43కు కాదు, 11:58కి.