మంచి డోనట్‌ను, దాన్ని చేసే బేకరీని గుర్తుపట్టడం ఎలా?

కొత్త బేకరీలో మొదటిసారి డోనట్ కొంటున్నప్పుడు చాక్లెట్ పూసినవీ, క్రీమ్ నింపినవీ మరోసారికి ఉంచుకుని, పలుచని చక్కెర పూత తప్ప మరేమీ లేని సాదా గ్లేజ్ డోనట్‌ను అడగండి. పైన అలంకారం పెరిగేకొద్దీ లోపలి లోపం కనబడకుండా పోతుంది. సాదా డోనట్‌లో మాత్రం పిండి సరిగా పులిసిందా, నూనె పాతబడిందా, వేయించి ఎంతసేపయింది అనే మూడు సంగతులూ మొదటి ముక్కలోనే తెలిసిపోతాయి. ఆ ఒక్కటి బాగా చేయగలిగిన బేకరీలో మిగతా రకాలను ధైర్యంగా కొనవచ్చునని నా నమ్మకం.

రుచి చూసే ముందు అది ఏ జాతి డోనట్టో తెలుసుకోవాలి. ఈస్ట్‌తో పులియబెట్టినది ఒక జాతి. బేకింగ్ పౌడర్‌తో పొంగినది మరొకటి. మొదటిది తేలికగా, సాగుతూ ఉంటుంది. రెండోది కేకులాగా పొడిపొడిగా విరుగుతుంది, పైపొర కరకరలాడుతుంది, చాలాచోట్ల జాజికాయ వాసన కూడా వేస్తుంది. కేక్ డోనట్ బరువుగా ఉందని తప్పుపట్టడం న్యాయం కాదు, కానీ ఈస్ట్ డోనట్ బరువుగా ఉంటే అది చేసినవారి లోపమే.

ఈస్ట్ డోనట్‌ను చేతిలోకి తీసుకోగానే దాని నడుము చుట్టూ చూడండి. పైనా కిందా బంగారు రంగు, మధ్యలో మొలతాడులా లేత రంగు పట్టీ కనిపించాలి. బాగా పులిసిన పిండిలో గాలి నిండి ఉంటుంది కనుక అది నూనెలో మునగకుండా సగం పైకి తేలుతుంది. ఒకవైపు వేగాక తిప్పితే రెండోవైపు వేగుతుంది, నడుము భాగానికి మాత్రం నూనె అంతగా తగలదు. ఆ పట్టీ లేకపోతే పిండి చాలినంత పులియక నూనెలో కిందికి దిగిపోయి ఉండవచ్చు. పట్టీ ఉన్నా పైభాగం ముడతలు పడి అణగిపోయి ఉంటే, పిండి అవసరానికి మించి పులిసి వేయించేటప్పుడు కుంగిపోయిందని అనుమానించవచ్చు. కేక్ డోనట్‌లో ఈ పట్టీ కోసం వెతకనక్కరలేదు. అక్కడ చూడవలసింది పైపొర కరకరను.

ఇప్పుడు దాన్ని రెండుగా విరవండి. కత్తితో కోస్తే లోపలి అల్లిక నలిగిపోతుంది కనుక చేత్తోనే నెమ్మదిగా లాగాలి. మంచి ఈస్ట్ డోనట్ ఒక్కసారిగా తెగకుండా సన్నని పోగులుగా సాగి విడివడుతుంది, లోపల చిన్నాపెద్దా గాలిగదులు కనిపిస్తాయి, వేలితో నొక్కి వదిలితే మళ్లీ పైకి లేస్తుంది. నొక్కినచోట ముద్దయి అలాగే ఉండిపోతే లోపల సరిగా వేగలేదన్నమాట. నాకు డోనట్ మీద ప్రేమ కలిగింది రుచి వల్లకన్నా ఈ విరిచే క్షణం వల్లనే: గ్లేజ్ పలుచని గాజుపొరలా చిట్లుతుంది, దాని కింద నుంచి పులిసిన పిండి కమ్మని వాసన తేలివస్తుంది.

నూనె సంగతి ముక్కే చెబుతుంది. సాధారణంగా డోనట్లను 175 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య వేయిస్తారు. వేడి అంతకన్నా తగ్గితే పిండి నూనె పీల్చుకుంటుంది, మించితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. కొద్దిసేపు పలుచని కాగితం మీద ఉంచి తీస్తే చిన్న మరక పడటం సహజమే, కాగితమంతా తడిసిపోతే మాత్రం లోపమే. తిన్న తర్వాత గొంతులో చేదుగా, జిడ్డుగా మిగిలితే అది పదేపదే మరిగిన నూనె. ఒకసారి నేను ఒక బేకరీలో అందాన్ని చూసి డజను కొన్నాను. పెట్టె తెరవగానే కనరు వాసన వచ్చింది. అప్పటినుంచి ఒకటి తిని చూడనిదే రెండోది కొనడం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం వేళ. వేయించినప్పటినుంచే పిండిలోని గంజి పదార్థం గట్టిపడటం మొదలవుతుంది కనుక ఉదయం దూదిలా ఉన్నది సాయంత్రానికి రబ్బరులా మారుతుంది. అందుకే బేకరీవారిని ‘ఏది బాగుంటుంది?’ అని కాక, ‘ఏ వేళకు వేయిస్తారు, రోజుకు ఎన్నిసార్లు వేయిస్తారు?’ అని అడగండి. ఒకేసారి కొండలా వేయించే చోటుకన్నా కొద్దికొద్దిగా పలుమార్లు వేయించే చోటు మేలు. యంత్రంతో చేస్తారని మాత్రం చిన్నచూపు చూడకండి. న్యూయార్క్‌లో అడాల్ఫ్ లెవిట్ 1920లో డోనట్ యంత్రాన్ని రూపొందించిన నాటినుంచి చాలామంది ఇష్టంగా తిన్నవి యంత్రం చేసినవే. తేడా వచ్చేది పిండిలో, నూనెలో, వేళలో.

జామ్ నింపినవి కొంటే చేతిలో బరువు చూడండి, సూది గుచ్చినచోటనే కాక మధ్యదాకా జామ్ అందాలి. కస్టర్డ్ నింపినవి చల్లని అరలో ఉంచినవే కొనండి.

ఇంటికి తెచ్చేటప్పుడు వేడి డోనట్లను పెట్టెలో మూసేయకండి. ఆవిరికి గ్లేజ్ కరిగి కారిపోతుంది. సాదావి మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టవద్దు, అక్కడ ఇంకా త్వరగా గట్టిపడతాయి. గాలి తగలని డబ్బాలో బయటే ఉంచి, మర్నాడు ఈస్ట్ డోనట్‌ను మైక్రోవేవ్‌లో 8 నుంచి 10 సెకన్లు వేడిచేస్తే మెత్తదనం చాలావరకు తిరిగి వస్తుంది. కేక్ డోనట్‌కు మాత్రం ఓవెన్‌లో కొద్ది నిమిషాలు కావాలి, లేకపోతే పైపొరకు కరకర రాదు.