నియో జియో బోర్డుకి పట్టిన చిలుము వదిలించాను

ఇక్కడ టెక్సస్‌లో మూతపడ్డ బౌలింగ్ సెంటర్ నుంచి కొన్న, నాణేలేసి వీడియో గేమ్ ఆడే ఆర్కేడ్ క్యాబినెట్‌కి ఎవరో నల్ల పెయింట్ కొట్టేశారు, పేరు కూడా లేదు. ఒక్కో ఆటగాడికి వరసగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం బటన్లు చూడగానే అనుమానం వచ్చింది, వెనక తలుపు తీస్తే రెండు కార్ట్రిడ్జ్ స్లాట్లు, బోర్డు మీద ఎంవీ-2ఎఫ్ అని అచ్చు. జపాన్ గేమ్ కంపెనీ ఎస్‌ఎన్‌కే వాళ్లు 1990లో తెచ్చిన, కార్ట్రిడ్జ్ మార్చి ఆట మార్చుకునే ఆర్కేడ్ యంత్రం నియో జియో ఎంవీఎస్ ఇది!

ఆన్ చేస్తే బ్యాకప్ రామ్ ఎర్రర్. ఇది బ్యాటరీ పని. స్కోర్లు, సెట్టింగులు నిలవడానికి బోర్డు మీదే రీచార్జబుల్ బ్యాటరీ పెట్టారు, ఏళ్ల తరబడి అది కారి, చుట్టూ పచ్చగా చిలుము పట్టి, బోర్డు మీద కరెంటు పారే రాగి గీతల్ని తినేస్తుంది. టంకం కరిగించి దాన్ని పీకేశాను, కారింది క్షారం కాబట్టి వెనిగర్‌లో ముంచిన బ్రష్‌తో తోమి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాను. మల్టీమీటర్‌తో ఒక్కో గీతా చూసుకుంటూ పోతే రామ్ చిప్ దగ్గర ఒకటి తెగిపోయి ఉంది, సన్నటి తీగతో కలిపాను. అంతే, ఆట మొదలైంది!

బ్యాటరీ బదులు కాయిన్ సెల్ (చార్జ్ చేయకూడని బిళ్ల బ్యాటరీ) పెట్టేవాళ్లు, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ తప్పనిసరిగా వేయండి, లేకపోతే బోర్డు దాన్ని చార్జ్ చేయబోతుంది, పేలే ప్రమాదం ఉంది. క్యాబినెట్ తెరలోని పిక్చర్ ట్యూబులో ప్లగ్ పీకేశాక కూడా వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు, డిశ్చార్జ్ చేయకుండా చేయి పెట్టకండి.