సెల్ఫ్ కొడితే ‘టిక్’ అని ఆగిపోతోందా? పాత కారు జబ్బులు ఇంట్లోనే పట్టుకునే దారి

కొన్నేళ్ల కిందట ఒక పొద్దున తాళం తిప్పితే నా పాత కారు ‘టిక్’ అని ఊరుకుంది. సెల్ఫ్ మోటార్ పోయిందనుకుని కొత్తది తెచ్చి బిగించాను. ఆ రోజు చక్కగా స్టార్టయింది. మర్నాడు మళ్లీ అదే టిక్. అసలు జబ్బు ఇంజన్‌నీ బాడీనీ కలిపే ఎర్త్ పట్టీ దగ్గర ఉంది. బోల్టు కింద తుప్పు పేరుకుంది. మోటార్ మార్చేటప్పుడు ఆ పట్టీ కాస్త కదిలింది కాబట్టి ఒక్కరోజు పని చేసిందంతే. ఎమెరీ కాగితంతో రుద్ది గట్టిగా బిగించాక ఆ సమస్య మళ్లీ రాలేదు. అప్పటి నుంచి కొలిచి చూడకుండా ఏ పార్టూ మార్చకూడదని పట్టుబట్టాను. దీనికి ఒక మామూలు మల్టీమీటరు, టార్చిలైటు, పానాల సెట్టు, మీ మోడల్ రిపేరు మాన్యువల్ ఉంటే చాలు.

తాళం తిప్పితే ఇంజన్ తిరగడం లేదు

పాత కార్లలో ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఈ సమస్యే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. ఎదుటి గోడ మీద పడే వెలుగు ఏమవుతోందో చూడండి.

వెలుగు బాగా తగ్గిపోయినా, టకటకమని వరసగా చప్పుడు వచ్చినా బ్యాటరీలో చార్జి లేదని, లేదా టెర్మినళ్లు సరిగా పట్టుకోవడం లేదని అనుమానించాలి. వెలుగు అలాగే ఉండి ఒక్క టిక్ మాత్రమే వినిపిస్తే సెల్ఫ్ మోటార్ మీదుండే సోలినాయిడ్ (మోటార్‌కి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) గానీ, ఎర్త్ దారి (కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి) గానీ కారణం. టిక్ కూడా రాకపోతే కరెంటు అక్కడిదాకా వెళ్లడమే లేదు. ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), తాళం స్విచ్, క్లచ్ పెడల్ స్విచ్ వరసగా చూడండి. ఆటోమేటిక్ కారయితే న్యూట్రల్‌లో పెట్టి మరోసారి ప్రయత్నించండి. అక్కడ స్టార్టయితే గేర్ లివర్ స్విచ్‌ది తప్పు.

ముందు బ్యాటరీ సంగతి తేల్చండి. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక మీటరు పెడితే 12.6 వోల్టులు చూపాలి, అది నిండు చార్జి. 12.4 అంటే సుమారు ముప్పావు వంతు. 12.0కి దిగితే దాదాపు ఖాళీ అయినట్టే. నిండా చార్జి చేసిన బ్యాటరీ కూడా సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతుంటే దాని పని అయిపోయింది. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్నది ఉంటే వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వైరు బ్రష్‌తో మెరిసేలా రుద్దండి. విప్పేటప్పుడు ముందు నల్ల వైరు, బిగించేటప్పుడు చివర నల్ల వైరు. చేతికి ఉంగరం, గడియారం ఉంటే తీసేయండి.

బ్యాటరీ బాగుంటే ఎర్త్ పరీక్ష చేయండి. చాలామంది వదిలేసేది దీన్నే. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగండి. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఎర్ర తీగను ఇంజన్ మీద శుభ్రమైన ఇనుముకి, నల్ల తీగను బ్యాటరీ నెగటివ్ స్తంభానికి ఆనించండి. నల్ల తీగ పెట్టాల్సింది క్లాంపు మీద కాదు, స్తంభం మీదే. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగుంది. 0.5 దాటితే అదే దోషి. పాజిటివ్ వైపు కూడా ఇలాగే, బ్యాటరీ పాజిటివ్ స్తంభం నుంచి సెల్ఫ్ మోటార్ పెద్ద బోల్టు దాకా కొలవండి. రెండు దారులూ బాగుండి, మోటార్‌కి పూర్తి కరెంటు చేరుతున్నా తిరగకపోతే అప్పుడు మోటార్ విప్పండి.

వైరును ఓమ్స్‌లో, అంటే కరెంటుకి ఎంత అడ్డుందో కొలిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. లావు వైరులో చాలా పోగులు తెగి, కొన్ని మాత్రమే మిగిలినా మీటరు సున్నా దగ్గరే చూపిస్తుంది. సెల్ఫ్ మోటార్ లాగేది 150 ఆంపియర్లనుకుందాం. ఆ దారిలో 0.01 ఓమ్ అడ్డు ఉన్నా ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. అంత చిన్న అడ్డును మామూలు మీటరు పట్టుకోలేదు. అందుకే కరెంటు పారుతుండగానే కొలవాలి.

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతోంది

ఇంజన్ ఆన్ చేసి బ్యాటరీ దగ్గర కొలవండి. 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 13 కన్నా తక్కువుంటే చార్జింగ్ జరగడం లేదు. అంతమాత్రాన ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జి చేసేది) పోయిందని తేల్చకండి. బెల్టు వదులై ఉండొచ్చు, వెనక ప్లగ్గు ఊడి ఉండొచ్చు, చార్జింగ్ లైట్ బల్బు మాడినా కొన్ని పాత కార్లలో చార్జింగ్ మొదలవదు. ఇంజన్ చుట్టూ ఉన్న ఎర్త్‌లు ఇక్కడ కూడా లెక్కలోకి వస్తాయి.

చార్జింగ్ బాగున్నా పొద్దునకి దిగిపోతుంటే ఏదో ఒకటి దొంగచాటుగా కరెంటు తాగుతోంది. అన్నీ ఆపి, తలుపులు మూసి, నెగటివ్ వైరు విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటరును ఆంపియర్లలో పెట్టండి. కాసేపు ఆగాక 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే పర్వాలేదు. అంతకు మించి కనిపిస్తే ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ చూడండి. ఏది తీసినప్పుడు అంకె ఒక్కసారిగా పడిపోతుందో ఆ లైన్లోనే లోపం. డిక్కీ లైటు, డ్యాష్‌బోర్డు డబ్బా లైటు, తరువాత బిగించిన స్టీరియో ఎక్కువగా దొరికిపోతుంటాయి. 500 మిల్లీఆంపియర్లు అంటే రోజుకు 12 ఆంపియర్ గంటలు. 45 ఆంపియర్ గంటల బ్యాటరీ రెండు రోజుల్లో సగానికి పైగా ఖాళీ అవుతుంది. మీటరు అలా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజు మాడిపోతుంది.

ఇంజన్ తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు

దీనికి మూలం ఇంధనం, లేదా నిప్పురవ్వ. ఇంజెక్షన్ ఉన్న కార్లలో తాళం ఆన్ చేయగానే వెనక నుంచి రెండు సెకన్ల పాటు పంపు గుయ్యిమని వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు, రిలే చూడండి. రిలేలో టాంకా చిట్లితే కూడా పంపు ఆగిపోతుంది. అలాంటి మరో రిలేతో మార్చి చూడొచ్చు. స్పార్క్ కోసం చవక స్పార్క్ టెస్టర్ వాడండి, వైరు చేత్తో పట్టుకోకండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఆగిపోయి, అరగంట ఆగితే మళ్లీ స్టార్టయ్యే కారయితే ముందు క్రాంక్ సెన్సార్ (ఇంజన్ తిరగడాన్ని కంప్యూటర్‌కి చెప్పేది) మీద అనుమానపడండి. లోపం వేడిలోనే బయటపడుతుంది కాబట్టి ఆగిపోయిన క్షణంలోనే కొలవాలి.

విప్పిన స్పార్క్ ప్లగ్గు చెప్పే సంగతులు చాలా. లేత గోధుమ రంగు మంచిది. ఎండు మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. నూనె తడి ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి దిగుతోంది.

ఇంజన్ హీటెక్కుతోంది

ఎప్పుడు హీటెక్కుతుందన్నదే సగం జవాబు. ట్రాఫిక్‌లో ఎక్కి, వేగంగా వెళ్తుంటే తగ్గిపోతే ఫ్యాన్ తిరగడం లేదు. దాని ఫ్యూజు, రిలే, వేడి స్విచ్ చూడండి. వేగంగా వెళ్లినప్పుడు ఎక్కితే రేడియేటర్ మూసుకుపోయింది, లేదా వాటర్ పంపు అరిగింది. స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే ఎక్కి, రేడియేటర్ కింది పైపు మాత్రం చల్లగా ఉంటే థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) మూసుకుని ఉండిపోయింది. దాన్ని విప్పి వేడినీళ్ల గిన్నెలో వేస్తే, దానిమీద ముద్రించిన ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకోవాలి. సాధారణంగా అది 82 నుంచి 90 డిగ్రీల మధ్య ఉంటుంది.

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తిప్పొద్దని ఎన్నిసార్లయినా చెప్తాను. ఒక బార్ అదనపు పీడనంలో నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే పీడనం పోయి అవి ఒక్కసారిగా మరిగి, ఆవిరితో పాటు పైకి చిమ్ముతాయి. దారిలో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ నిండుగా పెట్టి, పక్కకు ఆపేయండి.

కింద చుక్క కారకుండానే కూలెంట్ తగ్గుతూ, రేడియేటర్‌లో బుడగలు వస్తూ, తీపి వాసనతో తెల్లపొగ వదులుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పై హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయినట్టే. ఆ పని ఇంట్లో చేసేవారున్నా మొదటి రిపేరుగా దాన్ని ఎంచుకోవద్దు. ఇక చలి పొద్దుల్లో కాసేపు వచ్చి పోయే పలచని తెల్లపొగ ఉత్త ఆవిరి, టెన్షన్ పడక్కర్లేదు. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. రాత్రంతా నిలిపి స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి వచ్చిపోతే వాల్వ్ సీళ్లు, యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ వస్తే పిస్టన్ రింగులు.

బ్రేకులు

బ్రేక్ పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లో గాలి చేరింది. తొక్కి ఉంచితే నెమ్మదిగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో లీకుంది, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయి. అది బాగయ్యేదాకా కారు కదలనివ్వొద్దు. తొక్కినప్పుడు కాలి కింద పెడల్ కొట్టుకుంటే డిస్కు వంకర, బండి ఒకవైపు లాగేస్తే ప్యాడ్లను డిస్కుకి నొక్కే కాలిపర్ ఇరుక్కుంది. కీచుమంటే ప్యాడ్లు అరిగి ఉండొచ్చు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

జాకీ కారును లేపడానికి మాత్రమే. సమతలం మీద, చక్రాలకి అడ్డు పెట్టి, స్టాండ్ల మీద దించాకే కిందికి చేయి పెట్టండి. కొత్త ప్యాడ్లు వేశాక కాలిపర్ పిస్టన్ వెనక్కి నొక్కి ఉంటుంది, మొదటిసారి తొక్కితే పెడల్ నేలకి తగులుతుంది. అందుకని చక్రం బిగించి కారు దించాక, ఇంజన్ స్టార్ట్ చేయకముందే పెడల్ గట్టిపడేదాకా మళ్లీమళ్లీ తొక్కి, ఆయిల్ మట్టం మరోసారి చూసుకుని, ఆ తరువాతే గేరు వేయండి.