పెరుగన్నం తింటున్నా కడుపు కుదుటపడట్లేదా?

మా గుంటూరులో కడుపులో ఏ తేడా వచ్చినా పక్కింటి పిన్నిగారి మందు ఒకటే, "కాస్త పెరుగన్నం తిను నాయనా". మంచి మాటే, కానీ అన్ని బాధలకీ పనిచేయదు. ముందు మీది ఏ బాధో చూసుకోండి.

యాంటీబయాటిక్ మొదలెట్టాక నీళ్ల విరేచనాలు

కారణం: ఆ మాత్ర రోగం తెచ్చిన బ్యాక్టీరియాతో పాటు పేగుల్లో మనకు పనికొచ్చే బ్యాక్టీరియానీ చంపుతుంది. పోయిన వేసవిలో పన్ను నొప్పికి మాత్రలు వాడితే నాకు ఇదే అయింది, పైగా తెలివిగా ప్రోబయాటిక్ (కడుపుకి మేలు చేసే బ్యాక్టీరియా ఉండే) క్యాప్సూల్ కూడా అదే గుక్కలో మింగేవాణ్ణి, అంటే డబ్బులు పెట్టి కొన్న బ్యాక్టీరియాని నేనే తీసుకెళ్లి ఆ మాత్రకు అప్పగించానన్నమాట.

పరిష్కారం: రెండింటికీ మధ్య కనీసం 2 గంటలు ఉంచండి. డబ్బా మీద శాకరోమైసిస్ బౌలార్డీ అని ఉంటే అది ఈస్ట్, బ్యాక్టీరియాని చంపే మందు దాన్నేమీ చేయదు. చిన్న ప్లాస్టిక్ సీసాల్లో దొరికే బాసిల్లస్ క్లాసీ గట్టి పెంకున్న స్పోర్ల రూపంలో ఉంటుంది, అదీ చాలా యాంటీబయాటిక్‌లను తట్టుకుంటుంది. నీరసం రాకుండా ఓఆర్‌ఎస్ తాగండి. కోర్సు మాత్రం సొంతంగా ఆపకండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి.

రోజూ పెరుగు తింటున్నా ఏం తేడా లేదు

తినే పద్ధతి చూడండి. పొగలు కక్కే అన్నంలో కలిపితే ఆ వేడికి పెరుగులోని మంచి బ్యాక్టీరియా కొంత చస్తుంది, మజ్జిగ పులుసు మరిగాక ఇక మిగిలేదేం లేదు. ఇడ్లీ పిండి పులిసినప్పుడు బోలెడు బ్యాక్టీరియా ఉంటుంది గానీ ఆవిరికి అదీ పోతుంది (ఇడ్లీ తేలిగ్గా అరగడం వేరే సంగతి). ఆవకాయని కూడా ఈ లెక్కలో వేయకండి, అందులో ఉప్పూ నూనే రాజ్యం.

తోడు పెట్టేటప్పుడు పాలలో చిటికెన వేలు ముంచితే హాయిగా ఓర్చుకునేంత వేడి చాలు, అంతకు మించితే తోడే చస్తుంది. మే నెలలో విజయవాడ ఎండకి నాలుగైదు గంటల్లో గడ్డకడుతుంది. రాత్రి పెట్టి పొద్దున దాకా వదిలేస్తే పళ్లు పులిసిపోతాయి, అందుకే తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. అన్నం చల్లారాక, చివర్లో కలుపుకోండి.

పాలు తాగితే ఉబ్బరం, పెరుగు తింటే ఏం కాదు

పాలలోని లాక్టోజ్ అనే చక్కెర మీకు అరగట్లేదు. తోడులోని బ్యాక్టీరియా దాన్ని కొంత ముందే తినేస్తుంది, మిగిలింది అరగడానికీ సాయం చేస్తుంది. పాలు తగ్గించి మజ్జిగకు మారండి.

అరండల్‌పేటలో మిరపకాయ బజ్జీలు లాగించాక గుండెల్లో మంట

దీనికీ ప్రోబయాటిక్‌కీ సంబంధం లేదు. కారం, నూనె తగ్గించండి, తిన్న వెంటనే పడుకోకండి.

క్యాప్సూల్ మొదలెట్టాక గ్యాస్ ఇంకా పెరిగింది

మొదటి కొన్ని రోజులు మామూలే. నాలుగు వారాలు చూసినా గుణం లేకపోతే ఆపేయండి, అందరికీ ఒకే రకం పడదు. కీమో నడుస్తున్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఇవి ముట్టుకోకూడదు. విరేచనంలో రక్తం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా పెరుగన్నం సంగతి తర్వాత, ముందు ఆస్పత్రికి వెళ్లండి.